పేరు లేని వారెంటు

చట్టం నడిచిన దారి – 12

గత సంచికలో 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం దగ్గర ఆగాం. చెరసాలలో ఉన్న మనిషిని న్యాయమూర్తి ముందుకు రప్పించి, ఇతన్ని ఎందుకు పట్టుకున్నారో చెప్పండని అడిగే హక్కును ఆ చట్టం గట్టిపరిచింది. అయితే అదంతా పట్టుకున్న తర్వాతి సంగతి. పట్టుకోకముందు ఏం జరగాలి? ఫలానా మనిషిని తీసుకురమ్మని కాగితం రాసే అధికారం ఎవరిది? రాసేవాడు ఏం చూసి రాయాలి? వీటికి కోర్టుల్లో గట్టి జవాబు రావడానికి మరో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ జవాబు మొదట పుట్టింది పార్లమెంటులో కాదు, లండన్‌లో వారం కూలికి పనిచేసే అచ్చు కార్మికులు వేసిన దావాల్లో.

1763 ఏప్రిల్. ఏడేళ్ల యుద్ధం ముగిసి, ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి కుదిరింది. ఈ యుద్ధం మనకు తెలియనిది కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయిందీ, ఆ మరుసటి ఏడాది బందరు కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కిందీ ఈ యుద్ధంలోనే. లండన్‌లో మాత్రం సంధి మీద పెద్ద రగడ నడుస్తోంది. గెలిచిన చోట్లను ఫ్రాన్సుకు ఉచితంగా వదిలేశారని ఒక పక్షం మండిపడుతోంది. ఏప్రిల్ 19న మూడో జార్జి రాజు పార్లమెంటులో ఆ సంధిని మెచ్చుకుంటూ ప్రసంగించాడు. నాలుగు రోజుల తర్వాత, 23న, ‘నార్త్ బ్రిటన్’ అనే పత్రిక 45వ సంచిక బయటికొచ్చింది. రాజు ప్రసంగం నిజానికి మంత్రుల ప్రసంగమనీ, వాళ్లు రాజు నోట అబద్ధం పలికించారనీ అందులో ఉంది. కింద సంతకం లేదు. రాసింది ఐల్స్‌బరీ నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్ అని ఊరంతా అనుకుంటోంది. అనుకోవడం వేరు, రుజువు వేరు. మంత్రుల చేతిలో రుజువు లేదు.

రుజువు లేనప్పుడు దాన్ని వెతికి సంపాదించాలి. లార్డ్ హాలిఫాక్స్ అప్పట్లో సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే దేశ పాలన చూసే ఇద్దరు ముఖ్యమైన మంత్రుల్లో ఒకడు. ఆయన దగ్గరి దారి పట్టాడు. ఏప్రిల్ 26న నలుగురు రాజదూతల పేర ఒక వారెంటు మీద సంతకం చేశాడు. దాని సారాంశం ఇది: ‘నార్త్ బ్రిటన్ 45వ సంచిక అనే రాజద్రోహపు రచనకు కర్తలు, ముద్రాపకులు, ప్రచురణకర్తలు ఎవరో జాగ్రత్తగా వెతకండి. దొరికినవారిని దొరికినట్టు పట్టుకోండి. వాళ్ల కాగితాలతో సహా నా ముందుకు తీసుకురండి.’ పత్రిక పేరుంది. సంచిక సంఖ్య ఉంది. నలుగురు దూతల పేర్లున్నాయి. పట్టుకోవాల్సిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరైనా ప్రమాణం చేసి ఇచ్చిన ఫిర్యాదు గానీ, వాంగ్మూలం గానీ దాని వెనక లేదు.

ఇటువంటి వాటిని అప్పుడు ‘జనరల్ వారెంటు’ అనేవారు. ఇది హాలిఫాక్స్ కొత్తగా కనిపెట్టింది కాదు. స్టార్ చాంబర్ కోర్టు 1641లో రద్దయ్యేదాకా ప్రెస్సుల మీద అదే పద్ధతిలో దాడులు చేయించేది. 1662లో వచ్చిన ముద్రణ లైసెన్సింగ్ చట్టం ఆ అధికారాన్ని మళ్లీ మంత్రులకు అప్పగించింది. 1695లో ఆ చట్టానికి కాలం చెల్లింది, పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. అంటే ఆ రోజుతో అధికారం కూడా పోవాలి. పోలేదు. దస్తావేజు నమూనా కార్యాలయంలో అలాగే ఉండిపోయింది. ఒక మంత్రి తర్వాత మరో మంత్రి అదే నమూనా తీసి సంతకం చేస్తూ వచ్చారు. చట్టం చచ్చిపోయినా అలవాటు దాదాపు డెబ్బై ఏళ్లు బతికింది. అధికారంలో ఉన్నవాళ్లకు అలవాటును మించిన అండ ఉండదు. అడిగేవాడు వచ్చేదాకా అది చట్టంలాగే కనిపిస్తుంది.

ఆ వారెంటు పట్టుకుని దూతలు ఎలా తిరిగారో చూస్తే, పేరు లేకపోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. డ్రైడెన్ లీచ్ అనే ముద్రాపకుడు అంతకుముందు ఆ పత్రిక ఇతర సంచికలు అచ్చువేసిన మాట నిజమే. 45వ సంచిక మాత్రం ఆయన ప్రెస్సులో పడలేదు. కానీ విల్క్స్ ఆ ఇంట్లోకి వెళ్తుండగా చూశామని ఎవరో దూతల చెవిన వేశారు. ఆ ఒక్క మాట వాళ్లకు చాలింది. రాత్రివేళ ఇంట్లో జొరబడి, పక్క మీద నిద్రపోతున్న మనిషిని లేపి పట్టుకున్నారు. కాగితాలన్నీ లాక్కున్నారు. ప్రెస్సులో పనిచేసే కార్మికులనూ నౌకర్లనూ కూడా వదల్లేదు. నాలుగు రోజులు ఉంచుకున్నాక ఈయన కాదని తేలింది. అసలు ప్రచురణకర్త జార్జి కియర్స్‌లీ, ముద్రాపకుడు రిచర్డ్ బాల్ఫ్ ఆ తర్వాత దొరికారు. ఈ ఒక్క వారెంటు మీద మొత్తం 49 మందిని పట్టుకున్నారు.

లీచ్ ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించారు? హాలిఫాక్స్ కాదు. న్యాయమూర్తి అసలే కాదు. చెవిన పడ్డ కబురు నమ్మదగ్గదా, ఆ ఇంటికీ ఆ సంచికకీ సంబంధం ఉందా, అర్ధరాత్రి తలుపు తట్టడానికి అది చాలుతుందా అని తూచి చూడాల్సిన పని మొత్తం తలుపు తట్టేవాడి చేతిలోనే పడింది. తూచేవాడూ పట్టుకునేవాడూ ఒకడే అయినప్పుడు తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

ఇక విల్క్స్. ఏప్రిల్ 30 పొద్దున్న గ్రేట్ జార్జి వీధిలోని ఆయన ఇంటి దగ్గర దూతలు ఆయన్ను పట్టుకున్నారు. వారెంటు చూపించమని అడిగి తీసుకుని చదివాడు. ఇందులో నా పేరు లేదు, నాకెందుకు తెచ్చారు, లార్డ్ చాన్సలర్‌కు ఎందుకివ్వలేదు, పక్కింటాయనకు ఎందుకివ్వలేదని నిలదీశాడు. ఆ సమయంలోనే పత్రికలో ఆయనతో కలిసి పనిచేసే కవి చార్లెస్ చర్చిల్ గదిలోకి వచ్చాడు. చర్చిల్‌ను కూడా పట్టుకోవాలని దూతలు చూస్తున్నారు, కానీ మనిషిని ఎరగరు. విల్క్స్ చప్పున, ‘రండి థామ్సన్ గారూ, మీ ఆవిడ ఎలా ఉన్నారు, ఊరు వెళ్తున్నారటగా’ అన్న ధోరణిలో పలకరించాడు. చర్చిల్ సంగతి గ్రహించి, కాసేపే నిలబడి, నేరుగా ఇంటికెళ్లి కాగితాలు సర్దుకుని ఊరు దాటేశాడు. విల్క్స్ తర్వాత తానే చెప్పుకున్న ముచ్చట ఇది. పట్టుకోవాల్సిన మనిషెవరో వారెంటులో లేకపోతే, ఎదుట నిలబడ్డవాణ్ని పోనిచ్చి, సంబంధం లేనివాణ్ని పక్క మీంచి లేపుకుపోవడం రెండూ జరుగుతాయి.

విల్క్స్‌ను హాలిఫాక్స్ దగ్గరికి తీసుకెళ్లాక అండర్ సెక్రటరీ రాబర్ట్ వుడ్ ఆ ఇంట్లో దిగాడు. తాళాలు తీసేవాణ్ని పిలిపించి బల్ల సొరుగులన్నీ తెరిపించారు. ఏ కాగితం కేసుకు సంబంధించింది, ఏది కాదు అని చూడలేదు. ఉన్నవన్నీ ఒక గోనెసంచిలో కుక్కారు. ఆయన వీలునామా, జేబు పుస్తకం కూడా ఆ సంచిలోకే వెళ్లాయి. విల్క్స్‌ను లండన్ టవర్‌లో పెట్టారు. హెబియస్ కార్పస్ మీద ఆయన్ను కామన్ ప్లీస్ కోర్టుకు తెచ్చారు. మే 6న ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ప్రాట్ పార్లమెంటు సభ్యుడికుండే రక్షణ కింద విడుదల చేశాడు. వెస్ట్‌మినిస్టర్ హాలు బయట జనం ‘విల్క్స్, స్వేచ్ఛ’ అని కేకలు పెట్టారు. ఆ తర్వాత లండన్ వీధుల్లో తలుపుల మీద సుద్దముక్కతో 45 అంకె రాసి కనిపించేది.

చరిత్ర పుస్తకాలు ఇక్కడినుంచి విల్క్స్ వెంటే పోతాయి. ఆయన ద్వంద్వ యుద్ధం, ఫ్రాన్సుకు పారిపోవడం, పార్లమెంటు నుంచి బహిష్కరణ, మళ్లీ మళ్లీ గెలవడం, అదంతా రసవత్తరమైన కథే. వ్యక్తిగా ఆయన నడవడి మెచ్చుకోదగ్గది కాదు. పైగా ఆ మే నెలలో ఆయనకు దక్కిన విడుదల సభ్యుడి హోదా వల్ల వచ్చింది, అందరికీ పనికొచ్చేది కాదు. హోదా ఏమీ లేనివాడికి ఏ రక్షణ ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రశ్నను కోర్టుకు తెచ్చింది విలియం హకెల్. నా దృష్టిలో ఈ కథానాయకుడు ఆయనే.

హకెల్ వారానికి ఒక గినీ కూలి మీద పనిచేసే అచ్చు కార్మికుడు. ఆయన్ను దూతలు సుమారు ఆరు గంటలు అదుపులో ఉంచుకున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. మాంసం, బీరు పెట్టి మర్యాదగానే చూశారు. బయటికొచ్చాక ఆయన దూతల మీద నష్టపరిహారం దావా వేశాడు. ఆయనతో పాటు మరికొందరు ప్రెస్సు కార్మికులు కూడా వేశారు. వారం కూలీ మీద బతికేవాళ్లు మంత్రి సంతకాన్ని కోర్టులో సవాలు చేయడం మాటలు కాదు. 1763 జూలైలో విచారణ జరిగింది. ప్రభుత్వ పక్షం వాదన మనం ఇవాళ కూడా వినేదే: కొద్ది గంటలేగా, మర్యాదగానే చూశాంగా, అతనికి పోయిందేమిటి?

జ్యూరీ 300 పౌండ్లు ఇప్పించింది. హకెల్ కూలీ లెక్కన అది అయిదున్నరేళ్ల సంపాదన.

మరీ ఎక్కువైందంటూ ప్రభుత్వం కొత్త విచారణ కోరింది. ప్రాట్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందాని తాత్పర్యం ఇలా ఉంటుంది: ఆ మనిషి ఒంటికి తగిలిన నష్టమే లెక్కవేస్తే 20 పౌండ్లు చాలేవేమో. కానీ జ్యూరీ చూసింది అతని ఆరు గంటలనూ, అతని చిన్న హోదానూ కాదు. పేరు లేని వారెంటుతో, ఆధారం లేకుండా, దేశంలో ఎవరి ఇంట్లోనైనా చొరబడే అధికారం తనకుందని ఒక మంత్రి చెప్పుకోవడాన్ని వాళ్లు చూశారు. ఆ అధికారం స్పెయిన్ మత విచారణ కన్నా దారుణమని కూడా ప్రాట్ అన్నాడు. ఒక కార్మికుడి ఆరు గంటలను న్యాయస్థానం అంత విలువైనదిగా చూడడం ఈ పాత రికార్డుల్లో నన్ను ఇప్పటికీ కదిలించే విషయం.

ఆ తర్వాత తీర్పులు వరస కట్టాయి. 1763 డిసెంబరులో వుడ్ మీద విల్క్స్‌కు 1,000 పౌండ్లు వచ్చాయి. లీచ్‌కు 400. లండన్ నగరం ప్రాట్‌కు నగర పౌరసత్వ గౌరవమిచ్చి, జాషువా రేనాల్డ్స్ చేత ఆయన చిత్రం గీయించింది.

1765లో లార్డ్ కామ్‌డెన్‌గా మారిన ఆ ప్రాటే మరో పెద్ద తీర్పు ఇచ్చాడు. జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటి మీద 1762 నవంబరులో హాలిఫాక్స్ మనుషులే పడి, నాలుగు గంటలపాటు తాళాలు పగలగొట్టి కాగితాలు మోసుకుపోయారు. ఆ వారెంటులో ఎంటిక్ పేరుంది కానీ, ఏ కాగితాలు తేవాలో లేదు. ఇది తరతరాలుగా జరుగుతున్నదే, రాజ్యానికి అవసరం అని ప్రభుత్వం వాదించింది. ఎంతకాలంగా జరుగుతున్నా చట్టవిరుద్ధం చట్టం కాబోదని కామ్‌డెన్ తేల్చాడు. ఇటువంటి అధికారం ఉంటే న్యాయగ్రంథాల్లో కనిపించాలి. కనిపించలేదంటే లేనట్టే. రాజ్యావసరం అనే వాదనకు ఇంగ్లండు చట్టంలో చోటు లేదు.

అసలైన సూత్రం మాత్రం లీచ్ కేసు అప్పీలులో దొరుకుతుంది. కింగ్స్ బెంచ్ కోర్టులో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రాట్‌లా ప్రజల మనిషి కాదు, ప్రభుత్వానికి దగ్గరివాడు. ఆయన కూడా 1765లో ఇదే మాట చెప్పాడు. ఉన్న సమాచారం చాలుతుందో లేదో తేల్చే పని అధికారికి వదలకూడదు, దాన్ని మెజిస్ట్రేటే చూసి, అధికారికి స్పష్టమైన ఆదేశమివ్వాలన్నాడు. బెంచి మీది మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. చివరికి ఆ కేసు తీర్పు వచ్చింది దీనికన్నా ఇరుకైన కారణం మీద, లీచ్ 45వ సంచికకు కర్తా కాదు, ముద్రాపకుడూ కాదు, ప్రచురణకర్తా కాదు గనక వారెంటు కూడా దూతలను కాపాడదని. అయినా మాన్స్‌ఫీల్డ్ అన్న మాటే నిలిచిపోయింది. 1766 ఏప్రిల్‌లో కామన్స్ సభ జనరల్ వారెంట్లు చట్టవిరుద్ధమని తీర్మానించింది.

ఈ సూత్రం మన దగ్గరికి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1861లో బ్రిటిష్ ఇండియాకు మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది, 1898లో మరొకటి. వారెంటు రాతపూర్వకంగా ఉండాలి, మెజిస్ట్రేటు సంతకం, కోర్టు ముద్ర ఉండాలి అన్న పద్ధతులు వాటితో వచ్చాయి. అయితే ఆ ప్రభుత్వమే మరో చేత్తో 1818 బెంగాల్ మూడో రెగ్యులేషన్‌నూ, మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించిన 1819 మద్రాసు రెండో రెగ్యులేషన్‌నూ అట్టిపెట్టుకుంది. విచారణ లేకుండా, కోర్టు మొహం చూపకుండా మనుషులను నిర్బంధించడానికి అవి చాలు. లండన్‌లో హకెల్‌కు దక్కింది ఇక్కడివాళ్లకు దక్కకూడదని వాళ్లు కావాలనే అనుకున్నారు. 1919లో రౌలట్ చట్టం మీద దేశం అంత మండిపోవడం వెనక ఆ వందేళ్ల అనుభవం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత 1973 కోడ్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. కోర్టు అరెస్టు వారెంటు నమూనా ఎప్పుడైనా చూశారా? అమలు చేసే అధికారి పేరూ హోదా, నిందితుడి పేరు, చిరునామా, మోపిన నేరం, తేదీ, సంతకం, ముద్ర. వీటిలో నిందితుడి పేరు, చిరునామా 1763 వారెంటులో లేనివే. అమలు చేసే పోలీసు వారెంటులోని సారాంశం చెప్పాలి, అడిగితే చూపించాలి, పట్టుకున్న మనిషిని జాప్యం లేకుండా కోర్టు ముందు నిలబెట్టాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటలు దాటకూడదు.

సమన్లతో సరిపోయే కేసులో వారెంటు ఇవ్వాలంటే కోర్టు కారణాలు రాసి ఇవ్వాలని సంహిత 90వ సెక్షన్ చెబుతుంది. పాత కోడ్‌లో ఇది 87. 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో జస్టిస్ దల్వీర్ భండారీ ఒక వరస చెప్పారు. ముందు సమన్లు. మనిషి తప్పించుకుంటున్నాడనిపిస్తే బెయిలబుల్ వారెంటు. అప్పటికీ రాడని తేలితే, అప్పుడు నాన్ బెయిలబుల్. మనిషి తనంతట తాను రాడనో, సమన్లు అందించడానికి దొరకడనో, బయట ఉంటే ఎవరికైనా హాని చేస్తాడనో నమ్మే కారణం ఉండాలి. అలవాటు కొద్దీ, ఆలోచించకుండా ఇవ్వకూడదు. ఇక పోలీసులు దర్యాప్తు మధ్యలో వారెంటు అడిగితే? దావూద్ ఇబ్రహీం కేసులో 1997లో సుప్రీంకోర్టు దానికి కూడా గిరి గీసింది. పారిపోయి తిరుగుతున్నవాడి మీద ఇవ్వవచ్చు గానీ, అది మనిషిని కోర్టు ముందుకు తేవడానికే, పోలీసు దర్యాప్తుకు సాయంగా కాదు.

కోర్టు వరండాలో నిలబడితే ఈ సూత్రం ఎంత పలచబడిందో తెలుస్తుంది. ‘వాయిదాకు రాలేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) పడింది, రీకాల్ పిటిషన్ వేయండి’ అనే మాటలు రోజూ వినిపిస్తాయి. కేసుల ఒత్తిడి నాకు తెలుసు. అయినా మనిషి రాలేదన్న ఒక్క ముక్క చాలదు, ఎందుకు రాలేదో, సమన్లు నిజంగా చేతికి అందాయో లేదో చూడాలి. చూడకుండా పెట్టిన సంతకం హాలిఫాక్స్ సంతకానికి ఎంతో దూరంలో లేదు. వారెంటు రీకాల్ అయినా ఆ సంగతి స్టేషన్‌కు చేరకపోతే ఏమవుతుందో 2002లో ముంబైలో ఒక న్యాయవాదికి అనుభవమైంది. ఆయన మీద ఉన్న నాన్ బెయిలబుల్ వారెంటు ఆగస్టు 12న రద్దయింది. 15న క్లబ్బులో స్వాతంత్ర్య దినోత్సవ సభలో, నలుగురి ముందూ, అదే వారెంటు మీద పట్టుకుపోయారు. బొంబాయి హైకోర్టు ఆయనకు ఇప్పించింది 2,000 రూపాయలు. 2011లో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పెంచలేదు. కానీ దేశంలోని కింది కోర్టులన్నిటికీ నియమాలు పెట్టింది: వారెంటుకు నంబరు ఉండాలి, రిజిస్టరులో ఎక్కాలి, ఎప్పటిలోగా తిరిగి రావాలో తేదీ ఉండాలి, సంతకం కింద న్యాయాధికారి పూర్తి పేరుండాలి, రద్దయితే వెంటనే తెలియజేసి వెనక్కి తెప్పించాలి. నియమాలు మంచివి. హకెల్‌కు వచ్చిన 300 పౌండ్ల పక్కన ఆ 2,000 రూపాయలు పెట్టి చూసినప్పుడు మాత్రం మన కోర్టుల మీద నాకు బాధ కలుగుతుంది. తప్పుడు అరెస్టుకు ఖరీదు అంత తక్కువైతే, రిజిస్టరు తిప్పి చూడాలన్న తొందర ఏ స్టేషన్‌కు ఉంటుంది?

పోలీసులు వారెంటు లేకుండానే చేసే అరెస్టుల సంగతి వేరే చరిత్ర. దానికి తర్వాత ఒక సంచిక పూర్తిగా కేటాయిస్తాను.

మళ్లీ లండన్‌కు. దూతలు ఓడిపోయారు, వుడ్ ఓడిపోయాడు, సంతకం చేసిన హాలిఫాక్స్ మాత్రం కోర్టు బోనులోకి రాలేదు. తన హోదాకున్న మినహాయింపులు ఒక్కొక్కటే వాడుకుంటూ దావాను నెట్టుకొచ్చాడు. 1764 నవంబరులో ఫ్రాన్సులో ఉన్న విల్క్స్‌ను కోర్టుకు రానందుకు చట్టబాహ్యుడిగా ప్రకటించడంతో ఆ దావా పూర్తిగా ఆగిపోయింది. 1768లో ఆయన తిరిగొచ్చి ఆ ప్రకటన రద్దు చేయించుకున్నాకే అది కదిలింది. 1769 నవంబరులో, వారెంటు మీద సంతకం పెట్టిన ఆరున్నరేళ్లకు, జ్యూరీ హాలిఫాక్స్ మీద 4,000 పౌండ్ల తీర్పు చెప్పింది.

(వచ్చే సంచికలో: బోస్టన్ రేవులో కస్టమ్స్ అధికారుల సోదా పత్రాలు, 1761లో జేమ్స్ ఓటిస్ వాదన)